సముద్రానికి బోటు చూసిన సీమోడు

ముందే ఒట్టు పెట్టి మొదలుపెడతాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. బోరుబావుల మీద బతికినవాణ్ణి నేను. నీళ్ళ మీద ఒట్టు పెట్టి అబద్ధమాడితే మా వైపు నీళ్ళు ఇంకా లోతుకు పోతాయన్న భయం నాకుంది. అయినా నీళ్ళ మీదే ఒట్టు. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ళలో ఒక్కడూ సముద్రం మీద వాంతి చేసుకున్నవాడు కాదు.

కరోనా మాస్కులు ముఖాల మీద నుంచి జేబుల్లోకి దిగిన ఏడాది, మంచి ఎండాకాలం. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు. పులివెందుల, వేముల వైపు చీనీ, అదే బత్తాయి, తోటల రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి నా ముందర పడేసి, "ఓబులేసన్నా, రేపటికి నీళ్ళు రాకుంటే చెట్లు చచ్చిపోతాయి" అని పోతుంటారు. వాటితోపాటు మైలవరం డ్యాములో చేపలు పట్టేవాళ్ళ మోటార్లు కూడా వస్తాయి. వాటిని ఔట్‌బోర్డ్ మోటార్లంటారు. బోటు లోపల ఉండవు. బోటు వెనక గోడకు కొక్కెంలా తగిలించి ఉంటాయి, ఫ్యాను నీళ్ళలో తిరుగుతుంది. ఆ వెనక గోడ పేరు ట్రాన్సమ్. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

మైలవరం నుంచి కుళ్ళాయప్ప వచ్చాడు. డ్యాములో వల వేసేవాడు, నా దగ్గర పాత గిరాకీ. వరస కాకపోయినా నన్ను మామా అంటాడు. 

"మామా, ఒక బోటు చూసిపెట్టాల."

"చూస్తాంలే. డ్యాముకే గదా?"

"కాదు. సముద్రానికి."

నేను మోటారు వైండింగు వదిలి తల ఎత్తాను. "యా సముద్రానికి రా?"

"యా సముద్రమేంది మామా, మనకుండేది ఒకటే గదా."

సంగతేమిటంటే, వాడి భార్య కామాక్షి నెల్లూరు వైపు సముద్రపు పల్లెపిల్ల. జమ్మలమడుగు సంతకు ఎండుచేపలు తెచ్చేది. వీడు చేపలు పట్టేవాడై ఉండి ఎండుచేపలు కొనడానికి సంతకు పోయేవాడంటే, కొనడానికి కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది. పెళ్ళయింది. తర్వాత ఆమె అన్న సముద్రంలో పోయాడు. తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి ఒక అల బోటులోకి ఎక్కింది, దాని వెనక ఇంకోటి ఎక్కింది, అంతే. ఆ రోజు నుంచి వాళ్ళ నాయన చెంచయ్య మళ్ళీ బోటు ఎక్కలేదు. ఆయన వలలున్నాయి, ఒడ్డున బోటు కట్టుకునే చోటుంది, వేటకు పోయేవాడే లేడు. ఆయన తమ్ముడి కొడుకులు వాటిని తమకివ్వమంటున్నారు. కామాక్షి పోయి నాయన ముందర కూర్చుని, "నా మొగుడు చేస్తాడు" అంది. ఆయన, వేటనిషేధం ఎత్తేసిన రోజున అల్లుడు సొంత బోటుతో సముద్రంలోకి పోయి తిరిగి రావాలన్నాడు. వస్తే చోటు, వలలు వాడివి. రాకపోతే, అసలు పోకపోతే, తమ్ముడి కొడుకులవి.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రంలోకి మోటారు బోట్లు వేటకు పోకూడదు. అది ముగిసేదాకా మాకు గడువు.

"కామాక్షి వాళ్ళ పాలెంలో ఏమంటాండారో తెల్సా మామా," అన్నాడు కుళ్ళాయప్ప. "మీ ఊర్లో వాన పడితే ఫొటో తీసుకుంటారంట గదా, నీకు సముద్రమెందుకప్పా అంటాండారు."

నాకు అక్కడే మండింది. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది ఒకసారి మద్రాసులో, అదీ జనం వీపుల సందులో నుంచి. అయినా అన్నాను: "పద. సీమోడు చూసిపెట్టిన బోటెట్లుంటాదో వాళ్ళకు చూపిస్తాం."

ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయాం. పాలెం పక్కన ఉప్పుటేరు ఒడ్డున ఫైబర్ బోట్లు చేసే యార్డు ఉంది. దాని ఓనరు రవీంద్ర, ముప్పావు వంతు నవ్వుతో పావు వంతు మాట్లాడే మనిషి. మేం ఏ ఊరివాళ్ళమో తెలియగానే ఆ పావు వంతు మాట కూడా నవ్వులో కలిసిపోయింది.

"ప్రొద్దుటూరా? బంగారం కొనడానికి మేం ఆడికి వస్తాం. బోటు కొనడానికి మీరు ఈడికి వచ్చారా?" అని కడుపు పట్టుకున్నాడు.

"బంగారమైతే గీటురాయి మీద రుద్ది చూస్తాం," అన్నాను. "నీ బోటును గూడా రుద్దే చూస్తాం. కుర్చీ వెయ్యి."

యార్డులో ఒక బోటు తళతళలాడుతోంది. తెల్లగా, సన్నగా, ముక్కు పైకెత్తి, కోడెదూడలా ఉంది. వాళ్ళు బోటు ముందు భాగాన్ని అణియం, వెనక భాగాన్ని అమరం అంటారు. అణియం దగ్గర నీలం గీత, అమరం దగ్గర కూర్చోడానికి మెత్త. కుళ్ళాయప్ప దాని చుట్టూ తిరిగి తిరిగి చెయ్యి వేసి నిమిరాడు. వాడి ముఖం చూస్తే సంతలో ఎండుచేపల బుట్ట దగ్గర నిలబడిన రోజు ఎలా ఉండుంటుందో తెలిసిపోయింది.

కామాక్షి దూరంగా నిలబడి ఉంది. నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పింది. "అన్నా, దూరం పొయ్యే బోటు గాదు, తిరిగొచ్చే బోటు చూడు."

"నువ్వు నిమ్మళంగా ఉండు తల్లీ," అన్నాను. ఆ నిమ్మళం నాకే ఎక్కువైందని తర్వాత తేలింది.

మా వైపు ఒక పద్ధతుంది. నీళ్ళ ట్యాంకరు కొన్నా, తొట్టి కొన్నా, ముందు నీళ్ళు పోసి చూడకుండా కొనం. నీళ్ళు దొరకని చోట పుట్టినవాళ్ళం, ఒక్క బొట్టు యాడ నుంచి కారిపోతోందో కనిపెట్టే కన్ను మాకు పుట్టుకతోనే ఉంటుంది. బోటు కొనేటప్పుడు నేనూ అదే చేశాను.

"పైపు తెచ్చి దీన్నిండా నీళ్ళు పొయ్యి," అన్నాను.

రవీంద్ర నవ్వు ఆగిపోయింది. "బోటులో నీళ్ళు పోస్తారా ఎవరైనా?"

"సముద్రం పోయదా?"

పనివాళ్ళంతా చుట్టూ చేరారు. నీళ్ళు పోశారు. సముద్రపు బోట్లలో నిలబడే తలాన్ని డెక్ అంటారు, దాని అంచున ట్రాన్సమ్ కింద రెండు కన్నాలుంటాయి. వాటి పేరు స్కప్పర్లు. అల ఎక్కి నీళ్ళు లోపలికి వస్తే మనం బకెట్లతో తోడక్కరలేదు, తలం వాలుగా ఉంటుంది కాబట్టి ఆ కన్నాల గుండా అవే బయటికి పోతాయి. పోశామో లేదో, ఆ బోటులో నీళ్ళు పిల్లకాలువలా దూకి పోయాయి. చప్పట్లు కొట్టినంత పని చేశాను.

"చూసినావా?" అన్నాను రవీంద్రతో.

"నేను చేసిన బోటే గదన్నా," అన్నాడు అతను పాపం.

ఇక మోటారు. రవీంద్ర నలభై హార్స్‌పవరు చాలన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన పొరపాటు సీమలో పుట్టినవాడు తప్ప ఇంకొకడు చేయడు. మా దగ్గర కరెంటు నీరసంగా వస్తుంది, నీళ్ళు పాతాళంలో ఉంటాయి. ఐదు హార్స్‌పవరు సరిపోయే చోట ఏడున్నర పెడతాం, ఏడున్నర చోట పది. పెద్ద మోటారు పెట్టి చెడిపోయిన రైతును నేను చూడలేదు, చిన్నది పెట్టి తోట ఎండబెట్టుకున్నవాళ్ళను బోలెడుమందిని చూశాను. నా బుర్రలో బిగుసుకుపోయిన లెక్క అది.

"నలభైయా? మావాళ్ళు చీనీ చెట్లకు నీళ్ళు పెట్టే మోటారుకు పెట్టే గౌరవం గూడా సముద్రానికి పెట్టవా అప్పా?" అన్నాను. "డెబ్బై ఐదు తగిలించు."

"బరువు ఎక్కువవుద్దన్నా. ఈ బోటుకు అమరం దిగుద్ది."

"సీమోళ్ళ చేతికి పెద్ద మోటారు ఇచ్చేకి మనసొప్పలేదని చెప్పు."

అతను భుజాలెగరేసి డెబ్బై ఐదు తగిలించాడు. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు ట్రయలు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడ నేల పైకి లేచి ఉంటుంది కాబట్టి అలలు తిరగబడి విరుగుతాయి. బోట్లకు సముద్రం నడిబొడ్డు కంటే ఈ మొగ దగ్గరే గండం. కుళ్ళాయప్ప స్టీరింగు పట్టుకున్నాడు, రవీంద్ర వాడి పక్కన, నేను మోటారు దగ్గర. కామాక్షి ఒడ్డున. చెంచయ్య ఇంకొంచెం దూరంలో ఇసుకలో గొంతుకూర్చుని, మాకు వీపు పెట్టి, వల కుడుతున్నట్టు నటిస్తున్నాడు.

పోయేటప్పుడు ఏం పోయింది! బాణం. అలల నెత్తి మీద నుంచి నెత్తి మీదికి దూకింది. కుళ్ళాయప్ప కేకలు పెట్టాడు. నేను కూడా పెట్టాను, దాచడమెందుకు. దూకిన ప్రతిసారీ అడుగు పలక నీళ్ళను చాచి కొట్టి నా పళ్ళు కదిలాయి. దాని అడుగు చదునుగా ఉందని, చదును అడుగు చెరువులో జారుతుంది గానీ సముద్రంలో చెంపదెబ్బలు తింటుందని అప్పుడు తెలిసింది.

వెనక్కి తిరిగాం. ఇప్పుడు గాలి, అలలు మా వెనక నుంచి వస్తున్నాయి. దీన్ని ఫాలోయింగ్ సీ అంటారు, మనల్ని తరుముకొచ్చే సముద్రమన్నమాట. మొగ దగ్గర ముందర బోట్లేవో అడ్డంగా ఉన్నాయని కుళ్ళాయప్ప వేగం తగ్గించాడు. తగ్గించగానే డెబ్బై ఐదు గుర్రాల బరువుకు అమరం కూర్చుండిపోయింది. నేను కిందికి చూశాను. నిన్న ఒడ్డున పిల్లకాలువలా నీళ్ళు బయటికి పోయిన ఆ కన్నాల్లో నుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. కన్నాలు సముద్రం మట్టం కంటే కిందికి దిగిపోయాయి. బయటికి పోనిచ్చే దారి లోపలికి రానిచ్చే దారి కూడా అని నాకు, అంత పెద్ద మెకానిక్కుకు, ఒడ్డున తోచలేదు.

అప్పుడే వెనక ఒక అల లేచింది. అది బోటును ఎత్తలేదు. అమరం అప్పటికే బరువుతో కుంగి ఉంది, ట్రాన్సమ్ మీదుగా నేరుగా లోపలికి ఎక్కింది. నా తొడల దాకా నీళ్ళు. కుళ్ళాయప్ప బిగుసుకుపోయాడు. రవీంద్ర వాణ్ణి భుజంతో తోసేసి, స్టీరింగు లాక్కుని, ముందరి అల వీపు మీదికి బోటును ఎక్కించి, దాన్ని దాటకుండా, దాని నుంచి జారకుండా, గుర్రం మెడ పట్టుకున్నట్టు పట్టుకుని ఏటిలోకి తెచ్చాడు. ఆ పనికి నేను అతనికి ఇప్పటికీ చెయ్యెత్తి దండం పెడతాను. అతని నవ్వుకు మాత్రం పెట్టను, ఎందుకంటే గట్టు చేరగానే మళ్ళీ మొదలుపెట్టాడు.

"అన్నా, చేపల పులుసు తినడం వేరు, పట్టడం వేరు."

కామాక్షి నడుచుకుంటూ వచ్చింది. ఆమె ముఖంలో రక్తం లేదు. మొగుణ్ణి చూడలేదు, నన్నే చూసింది.

"మా అన్న బోటు గూడా ఒడ్డున శానా బాగుండేది," అంది. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. కుళ్ళాయప్ప గ్లాసు పట్టుకుని, "మామా, ఇంటికి పోదామా? డ్యామే మేలేమో," అన్నాడు.

"పోతే నువ్వు పో," అన్నాను. "నీళ్ళు రాకుండా నేను యా బావి దగ్గర్నుంచీ లేచి రాల్యా. తప్పు సముద్రానిది గాదు, నీది గాదు. నాది. నా తప్పును ఈడ వదిలిపెట్టి పోతే ఈ టీకొట్టోడు మనవళ్ళకు గూడా చెప్పుకుంటాడు."

"చెప్పుకుంటానన్నా," అన్నాడు టీకొట్టువాడు.

మర్నాడు మళ్ళీ యార్డులో దిగాను. రవీంద్ర ఈసారి నవ్వలేదు, విసుక్కున్నాడు. "ఏం, వంద తగిలించమంటావా?"

"ఎవురూ కొనని బోటు ఏదన్నా ఉందా?"

ఉంది. మూలన తాటాకుల కింద, బురదరంగులో, పొట్ట దించిన గేదెలా పడి ఉంది. ఎవరో చేయించుకుని, పెట్రోలు తాగుతుందని, నెమ్మదని వదిలేశారట. నేను దాని కింద వెల్లకిలా పడుకున్నాను. అడుగు నాగలికర్రులా కోసుగా కిందికి దిగింది. దీన్ని డీప్-వి అంటారు. చదును అడుగు అలను కొడుతుంది, ఇది అలను దున్నుతుంది. దుక్కి సంగతి మాకు ఒకరు చెప్పక్కరలేదు. దాని అణియం వెడల్పుగా బయటికి విచ్చుకుని ఉంది, అలలోకి దిగినప్పుడు ముక్కు మునిగిపోకుండా పైకి తేలుతుందని. ట్రాన్సమ్ నా నడుమెత్తు. దాని ముందర ఇంకో అడ్డుగోడ, మధ్యలో తొట్టి. వెనక నుంచి అల ఎక్కినా ముందు ఆ తొట్టిలో పడి అక్కడి నుంచే బయటికి పోతుంది. డెక్ కూడా నీళ్ళు తగిలే మట్టానికి బాగా పైన ఉంది.

"దీనికి నలభైవి రెండు పెట్టు," అన్నాను.

"మొన్న డెబ్బై ఐదే బరువెక్కువైంది, ఈరోజు ఎనభయ్యా?"

"అది ఆ బోటు సంగతి. దీని అమరం రెండింటినీ మోస్తాది. ఒకటి నిలిచిపోతే ఇంకోటి తెస్తాది. మా ఊర్లో మోటారు కాలితే నా షెడ్డుకు తెస్తారు. సముద్రం నడుమ నా షెడ్డు లేదు గదప్పా."

"పెట్రోలు తాగుద్ది. వేగం రాదు."

"మాకు పందెం లేదు. ఇంటికి రావాల, అంతే."

రెండు మోటార్లకు రెండు వేరు వేరు పెట్రోలు ట్యాంకులు పెట్టించాను. ఒకే ట్యాంకులో తాగితే రెండు మోటార్లున్నా ఒకటున్నట్టే. సముద్రం ఎగరేసి కుదిపినప్పుడు ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, నీటిచుక్కలు పైకి లేచి పెట్రోలులో కలుస్తాయి, రెండూ ఒకేసారి గొంతుపట్టి ఆగిపోతాయి. ప్రతి గొట్టానికి సెపరేటరు పెట్టాం. అది పెట్రోలును, నీళ్ళను విడదీసే డబ్బా. ఇక స్కప్పర్లు. మా బోరు పైపుల కింద ఫుట్‌వాల్వ్ ఉంటుంది, నీళ్ళను ఒకవైపే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఆ లెక్కన పాత ట్యూబు రబ్బరు కోసి, కన్నాలకు బయటి వైపు రెక్కల్లా తగిలించి, గొప్పగా రవీంద్రను పిలిచాను. లోపలి నీళ్ళు నెడితే తెరుచుకుంటాయి, బయటి నీళ్ళు నెడితే మూసుకుంటాయి. 

అతను చూసి, లోపలికి పోయి, ఒక డబ్బా తెచ్చాడు. నిండా కంపెనీ రబ్బరు రెక్కలు.

"ఇవి ఎప్పటి నుంచో దొరుకుతుండాయన్నా."

"మరి మొన్న చెప్పలేదే?"

"నువ్వు చెప్పనిస్తివా?"

ఈసారి ఒడ్డున పరీక్ష లేదు. బోటును ఏటిలో తేలేసి, మంచుపెట్టెలు, వల, రేపు పట్టబోయే చేపలకు బదులు ఇసుక బస్తాలు వేసి, మనుషులను ఎక్కించి, అప్పుడు బకెట్లతో నీళ్ళు పోయించాను. నీళ్ళ మీద తేలుతూ, బరువు మోస్తూ ఉన్నప్పుడు నీళ్ళు బయటికి పోతేనే లెక్క. పోయాయి. నేను వంగి, స్కప్పర్లకు, నీళ్ళ మట్టానికి మధ్య బెత్తెడు ఎడం కళ్ళారా చూసుకున్నాను.

ట్రయలు పొద్దున వద్దన్నాను. పొద్దున సముద్రం అమ్మేవాడి వైపు మాట్లాడుతుంది. మధ్యాహ్నం గాలి లేచాక పోయాం. పోయేటప్పుడు బాణంలా పోలేదు, గేదె చెరువులోకి దిగినట్టు పోయింది. నేను ఆ గేదె అంచు పట్టుకుని మధ్యాహ్నం తిన్నదంతా సముద్రానికి సమర్పించాను. సమర్పిస్తుండగా ఒక చేప నీళ్ళలో నుంచి ఎగిరి నా చెంప మీద కొట్టి బోటులో పడింది. కుళ్ళాయప్ప అంత భయంలోనూ, "మామా, వల ఎయ్యకుండానే పడతాండావే," అన్నాడు.

వెనక్కి తిరిగినప్పుడు మొగ దగ్గర నేను ఒక మోటారు ఆపేశాను. రవీంద్ర అరిచాడు. "పిచ్చా నీకు? ఈడనా ఆపేది?"

"ఆగేది గూడా ఈడనే ఆగుతాది!"

ఒక్క మోటారుతో, కుళ్ళాయప్ప స్టీరింగు పట్టుకుని, మొన్న రవీంద్ర చేసినట్టే ముందరి అల వీపు మీద నిలబడ్డాడు. వెనక అల లేచింది. నేను కళ్ళు మూసుకోలేదు. అది అమరం దగ్గరికి వచ్చి, ఒక పిడికెడు నురుగు తొట్టిలో చల్లి, అమరాన్ని పైకెత్తి, కిందుగా జారి పోయింది. ఏటిలోకి వచ్చాక చూస్తే కామాక్షి నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియదు. చెంచయ్య మాత్రం ఇసుకలో మాకు వీపు పెట్టే ఉన్నాడు. కానీ వల ఆయన ఒళ్ళో లేదు, పక్కన పడి ఉంది.

నిషేధం ఎత్తేసిన రోజు వేకువన బోట్లన్నీ పోయాయి. పొద్దెక్కేసరికి గాలి మారింది. ఒక్కొక్క బోటూ వెనక్కి వచ్చేసింది. కుళ్ళాయప్ప బోటు రాలేదు. తమ్ముడి కొడుకులు ఒడ్డున నిలబడ్డారు, వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ ముఖాల్లో కూడా నవ్వు లేదు. ఒకడు మెల్లగా, "గేదె గదా, నిదానంగా వస్తుందిలే," అన్నాడు. నేను అంతకు ముందు ఎన్ని మోటార్లు బిగించి ఉంటానో గానీ, ఏ మోటారు శబ్దం కోసమూ అలా చెవులు రిక్కించలేదు.

మధ్యాహ్నం దాటాక మొగ అవతల బురదరంగు ముక్కు కనబడింది. ఒక్క మోటారే మోగుతోంది. రెండోదాని ఫ్యానుకు తెగిన తాడేదో చుట్టుకుంది. అలలు వెనక నుంచి ఎక్కుతున్నాయి, తొట్టిలో పడుతున్నాయి, కన్నాల్లో నుంచి పోతున్నాయి. వాడు తొందరపడలేదు. అల వెనకాలే వచ్చాడు. ఒడ్డు తగిలాక స్టీరింగు మీది వేళ్ళు విప్పుకోలేక, అలాగే కూర్చున్నాడు.

చెంచయ్య లేచి నీళ్ళలోకి నడిచాడు. బోటు అంచు మీద చెయ్యి వేసి, పాలెమంతా వినేటట్టు అన్నాడు: "అల్లుడా! ఈ సముద్రం నా కొడుకును దాచుకునింది. నిన్ను దాచుకోలేకపోయింది. నా వలలు నీవి. నా చోటు నీది. సీమోడని ఇంక ఎవరన్నా అంటే ముందు నాతో మాట్లాడమను!"

ఈ పని నాకు నేర్పింది చెబుతాను. బోటుగానీ మోటారుగానీ, అది ఎంత బాగా పనిచేస్తుందో చూపించడానికి అమ్మేవాడున్నాడు. చెడినప్పుడు ఏం చేస్తుందో చూడాల్సింది మనం. నిండా బరువేసి చూడు, గాలి లేచాక చూడు, ఒక మోటారు ఆపి చూడు, పోయేటప్పుడు కాదు వచ్చేటప్పుడు చూడు. ఆ తర్వాత పులివెందుల రైతులకు కూడా అవసరానికి మించిన మోటారు బిగించడం మానేశాను. వాళ్ళు తిడతారు. తిట్టనీండి. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. నీళ్ళు లేనిచోట పుట్టినవాడికి నీళ్ళ మీద హక్కు లేదని ఎవడన్నా అంటే, వాడితో వాదించొద్దు. బోటు తేలెయ్యి.

ఇప్పుడు ఒట్టు సంగతి. మీరందరూ చేప దగ్గర అనుమానపడి ఉంటారు. చేప నిజం. కావాలంటే నా చెంప చూడండి. డెబ్బై ఐదు నిజం, వాంతులు నిజం, రబ్బరు రెక్కల అవమానం నిజం. నేను కల్పించింది ఒక్కటే. చెంచయ్య మాటలు.

ఆయన నోరే విప్పలేదు. నీళ్ళలోకి దిగి, రెండో మోటారు ఫ్యానుకు చుట్టుకున్న తాడును కత్తితో కోసి తీసి, ఇంటికి వెళ్ళిపోయాడు. అల్లుణ్ణి పలకరించలేదు, భుజం తట్టలేదు. మా సీమలో అయితే కనీసం తిట్టేవాళ్ళం. నేను ఆ రోజంతా మండిపడ్డాను. మర్నాడు వేకువన మేం ఒడ్డుకు పోయేసరికి, బోటులో వలలు వేసి ఉన్నాయి. అమరం దగ్గర, మోటార్ల పక్కన, కొడుకు పోయినప్పటి నుంచి బోటెక్కని ఆ ముసలాయన పంచె బిగించి కూర్చుని ఉన్నాడు. కుళ్ళాయప్పను చూసి, ఏం ఆలస్యమన్నట్టు సముద్రం వైపు గడ్డం ఎగరేశాడు.

అందరూ ఆ మాటలు తీసెయ్యమంటారు. తియ్యను. అంత జరిగాక ఎవరో ఒకరు అనాలి గదా. ఆయన అనలేదు, నేనన్నాను.